రెండో జత సాక్సు వద్దు

స్కీ బూట్లలో కాళ్ళు కొంకర్లు పోతాయని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వినగానే తోచే ఉపాయాలు రెండు. మందపాటి ఉన్ని సాక్సు ఒకదానిమీద ఒకటి రెండు జతలు వేసుకోవడం ఒకటి. అవి పట్టాలి కాబట్టి బూటు ఒక సైజు పెద్దది తీసుకోవడం రెండోది. కశ్మీరులోని గుల్‌మార్గ్ అద్దె దుకాణాల ముందు "భయ్యా, థోడా లూజ్ దేనా" అనే హైదరాబాదీ గొంతు ఏ జనవరిలోనైనా వినపడుతుంది. సియాటిల్ వాళ్ళు వెళ్ళే స్నోక్వాల్మీలోనూ, బే ఏరియా వాళ్ళు శనివారం తెల్లవారుజామునే కార్లు కట్టుకుని పోయే టాహోలోనూ అడిగేది అదే, భాష మారుతుందంతే. ఈ రెండు ఉపాయాలూ కలిపి పాటించినవాళ్ళే పదకొండింటికల్లా కెఫెలో బూట్లు విప్పి వేళ్ళు పిసుక్కుంటూ కూర్చుంటారు.

సాక్సు వేడిని పుట్టించదు. బూటూ పుట్టించదు. ఉన్న వేడిని పోకుండా ఆపడం వరకే వాటి పని. పాదం సొంతంగా పుట్టించుకోగలిగే వేడి కూడా తక్కువే. అక్కడ ఉన్నవి ఎక్కువగా ఎముకలు, స్నాయువులు, నరాలు, చర్మం. పెద్ద కండరాలన్నీ తొడలో, పిక్కలో ఉండిపోయాయి. వేళ్ళ దాకా వేడిని మోసుకొచ్చేది రక్తం ఒక్కటే. ఒళ్ళు చల్లబడటం మొదలయ్యిందంటే శరీరం గుండెను, మెదడును, కడుపులోని అవయవాలను ముందు చూసుకుంటుంది, చేతులకూ కాళ్ళకూ వెళ్ళే రక్తనాళాలను బిగిస్తుంది. కాలువలో నీళ్ళు తగ్గినప్పుడు చివరి ఆయకట్టు ముందు ఎండినట్టు, ముందుగా ఎండేది కాలివేళ్ళు. అవి అసలే కాలువ చివర ఉన్నాయి, మనం పోయి అడ్డుకట్ట కూడా వేస్తే ఇక చెప్పేదేముంది?

ఆ అడ్డుకట్ట ఎక్కడ పడుతుందో మీ చేత్తోనే చూసుకోవచ్చు. మీగాలు మీద, బొటనవేలిని పైకెత్తితే తేలే స్నాయువు పక్కన, రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కండి. చాలామందికి నాడి దొరుకుతుంది. కాలివేళ్ళకు రక్తం తీసుకెళ్ళే ముఖ్యమైన ధమనుల్లో ఒకటి అక్కడ చర్మానికి, ఎముకకు మధ్య దాదాపు ఏ రక్షణా లేకుండా పోతుంది. ఒక నరం కూడా దాని పక్కనే. స్కీ బూటుకు ఉండే నాలుగు బకిళ్ళలో ఒకటి సరిగ్గా ఆ చోటు మీదికే వస్తుంది.

ఇప్పుడు పెద్ద సైజు బూటు కథ చూడండి. పెద్ద బూటులో మడమ నిలవదు, వాలు దిగేటప్పుడు పైకి లేస్తుంది. మడమ లేస్తే స్కీ మాట వినదు. కాబట్టి బకిళ్ళు బిగిస్తారు. మడమను పట్టి ఉంచగలిగేది మీగాలి బకిలే కనుక దాన్నే ఎక్కువ బిగిస్తారు. ధమని నలుగుతుంది. ఇంకోవైపు, జారిపోతున్న బూటును పట్టుకోవాలని వేళ్ళు తమకు తెలియకుండానే లోపల గోళ్ళలా వంగి నేలను పీకుతుంటాయి, దాంతో అరికాలు తిమ్మిరెక్కి నరం పట్టేస్తుంది. రెండో సాక్సు ఈ మొత్తానికి తన వంతు సాయం చేస్తుంది. రెండు పొరల మధ్య ముడతలు పడి బొబ్బలు లేస్తాయి, బూటులో మిగిలి ఉండాల్సిన కాస్త గాలీ పోతుంది. వెచ్చగా ఉంచేది ఆ నిలకడగా ఉండే గాలే.

సైజు

స్కీ బూటు సైజు కొలత చాలా సూటిగా ఉంటుంది, మామూలు చెప్పుల దుకాణాల నంబర్ల గందరగోళం లేదు. దాన్ని మోండోపాయింట్ అంటారు, పాదం పొడవు ఎన్ని సెంటీమీటర్లో అదే సైజు. గోడకు మడమ ఆనించి, కింద కాగితం పెట్టి, ఒంటికాలి మీద బరువంతా వేసి నిలబడండి. అన్నిటికన్నా పొడుగు వేలి దగ్గర గీత గీయండి. 26.5 సెంటీమీటర్లు వస్తే మీ సైజు 26.5. రెండు పాదాలూ కొలవండి, తేడా ఉండటం మామూలే. ఇంకో సంగతి: చాలా కంపెనీల్లో 26కీ, 26.5కీ బయటి ప్లాస్టిక్ షెల్ ఒకటే, మారేది లోపలి సర్దుబాటు మాత్రమే. కౌంటర్లో "అర సైజు పెంచుతాను" అంటే పెద్దగా మారేదేమీ ఉండకపోవచ్చు.

కొలత చూసి తెచ్చిన బూటును నమ్మేముందు ఒక పరీక్ష చేయండి. లోపలి మెత్తని లైనర్‌ను బయటికి లాగేయండి. సాక్సుతో కాలిని ఉత్త షెల్‌లో పెట్టి, వేళ్ళు ముందు గోడను తాకీ తాకనట్టు ఆనించి, మడమ వెనకాల ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు, అంటే ఒక వేలు దూరి రెండో వేలు ఇరుకుగా దూరేంత ఉంటే సరైన షెల్. మూడు వేళ్ళు హాయిగా దూరితే తిరిగి ఇచ్చేయండి, ఎంత సుఖంగా అనిపించినా సరే. అద్దె దుకాణాల్లో ఈ పరీక్షకు తీరిక ఇవ్వరు, వెనక వరుస ఉంటుంది. అయినా అడగండి.

తర్వాత లైనర్ పెట్టి, బూటు తొడిగి, నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకు తగులుతాయి. కొత్తవాళ్ళు ఇక్కడే బెదిరి "చిన్నదైంది" అంటారు. మోకాళ్ళు వంచి, మోకాలి కింద ముందువైపు ఎముకను బూటు నాలుకకు ఆనించి నిలబడండి. మడమ వెనక్కి కూర్చుంటుంది, వేళ్ళు గోడను వదులుతాయి. స్కీయింగ్‌లో మీరుండేది ఆ భంగిమలోనే. అప్పుడు వేళ్ళు అటూ ఇటూ ఆడగలిగితే చాలు. బిగుతు పాదమంతా సమానంగా, గట్టిగా చేయి కలిపినట్టు తెలియాలి. ఒక్కచోట మాత్రం గుచ్చుకుంటుంటే అది సైజు సమస్య కాదు, ఆకారం సమస్య.

ఆకారం విషయంలో మనవాళ్ళు కాస్త గట్టిగానే అడగాలి. బెల్జియం పరిశోధకులు చెప్పుల్లేకుండా నడిచే అలవాటున్న భారతీయుల పాదాలను కొలిచి 2009లో ప్రచురించారు. బూట్లలో పెరిగిన పాదాలకన్నా అవి ముందువైపు వెడల్పుగా ఉన్నాయి. చిన్నప్పుడు ఇంట్లో, వాకిట్లో, బడిలో ఉత్త కాళ్ళతో తిరిగి, పెద్దయ్యాక కూడా చెప్పులకే అలవాటుపడిన పాదం ఐరోపా అచ్చులో పోసిన బూటులో చిటికెన వేలి దగ్గర ఇరుక్కుంటే ఆశ్చర్యం లేదు. బూటు ముందు భాగం వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతారు. 97, 98 అంటే సన్నం, 100 మధ్యరకం, 102 పైన వెడల్పు. పొడవు పెంచి వెడల్పు తెచ్చుకోవడమే మనం చేసే పొరపాటు, వెడల్పు కావాలంటే వెడల్పే అడగండి. కొనే బూటయితే, అనుభవమున్న ఫిట్టర్ ఆ ఒక్కచోట ప్లాస్టిక్‌ను వేడిచేసి బయటికి ఉబ్బించగలడు. చాలా లైనర్లను కూడా వేడిచేసి మీ పాదం అచ్చు పడేలా చేస్తారు.

అరికాలి వంపు తక్కువగా ఉన్నవాళ్ళకు ఇంకో అవస్థ ఉంది. బరువు పడగానే వంపు కుంగి పాదం కొంచెం పొడవు, కొంచెం వెడల్పు అవుతుంది. కూర్చున్నప్పుడు సరిపోయిన బూటు నిలబడగానే వేళ్ళను కొరుకుతుంది. బూటుతో వచ్చే పల్చటి అట్టలాంటి ఇన్‌సోల్ తీసేసి వంపును మోసే గట్టి ఫుట్‌బెడ్ వేయిస్తే ఆ కుంగుడు తగ్గుతుంది. నన్నడిగితే, బ్యాటరీ సాక్సు మీద పెట్టే డబ్బు ముందు దీని మీద పెట్టాలి.

ఫ్లెక్స్ అనే నంబరు కూడా బూటు మీద ఉంటుంది, ఎంత గట్టిదో చెప్పడానికి. కొత్తవాళ్ళకు 60 నుంచి 90 మధ్యలో ఏదైనా పనికొస్తుంది. కంపెనీకీ కంపెనీకీ కొలత ఒకటి కాదు కాబట్టి దాని గురించి ఇంతకన్నా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ బూటు మీ కాలికోసం లొంగదు. 1960ల దాకా స్కీ బూట్లు తోలువి. తడిసేవి, సాగేవి, కొన్నాళ్ళకు కాలి ఆకారానికి వచ్చేవి. అమెరికాలో బాబ్ లాంగ్ ప్లాస్టిక్ బూట్లు తెచ్చాక స్కీ మీద పట్టు ఎంతో పెరిగింది, కాలికి రాజీపడే గుణం పోయింది. లైనర్ నురుగు వాడగా వాడగా అణగి వదులవుతుంది కాని, షెల్ మాత్రం ఫిట్టర్ వేడిచేసి మారిస్తే తప్ప, ఎంత వాడినా మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

బకిల్

బూటు తొడిగేది వెచ్చటి గదిలో. చలికి ప్లాస్టిక్ బిర్రబిగుస్తుంది, కారు డిక్కీలో రాత్రంతా ఉన్న బూటును పార్కింగులో తొడగబోతే కాలు లోపలికే వెళ్ళదు, వెళ్ళినా మంచుగడ్డలో పెట్టినట్టే. కారులో వెళ్ళేవాళ్ళు బూట్లను డిక్కీలో కాకుండా సీట్ల దగ్గర, హీటర్ గాలి తగిలేచోట పెట్టుకోండి.

తొడిగాక నాలుకను నిటారుగా సర్ది, మడమతో నేలను రెండుమూడుసార్లు గట్టిగా తన్నండి. మడమ తన గుంటలో కూర్చోవాలి. అప్పుడు చీలమండ పైనున్న రెండు బకిళ్ళూ పెట్టి, మోకాళ్ళు వంచి ముందుకు నాలుగుసార్లు ఊగి, బకిల్ పట్టీ మీద మరో పన్ను బిగించండి. పైన ఉన్న వెడల్పాటి పట్టీ లాగి కట్టండి. మీగాలి బకిల్ మడమ లేవకుండా ఉండేంత మటుకే. వేళ్ళ మీది బకిల్ ఊడిపోకుండా ఉంటే చాలు, దానికి వేరే పనేమీ లేదు. పట్టు పైనుంచి, అంటే కాలి నుంచి రావాలి. పాదాన్ని నొక్కి పట్టు తెచ్చుకోవాలని చూసినవాళ్ళకే వేళ్ళు మొద్దుబారతాయి. ఒక పన్ను ఎక్కువ, ఒక పన్ను తక్కువ అనిపిస్తే చాలా బకిళ్ళలో కొక్కెం స్క్రూలా తిరుగుతుంది, తిప్పి మధ్యస్థంగా పెట్టుకోవచ్చు.

లిఫ్టు ఎక్కే ముందు మీగాలి బకిల్ విప్పేయండి, దిగాక పెట్టుకోండి. విసుగు పనే. కానీ తెరిచి ఉన్న కుర్చీ లిఫ్టులో కాళ్ళు గాల్లో వేలాడుతుంటే, స్కీల బరువు కిందికి లాగుతుంటే, గాలి కొడుతుంటే, పాదం చల్లబడేది ఎక్కువగా ఆ పది నిమిషాల్లోనే. గుల్‌మార్గ్‌లో మూసి ఉండే గండోలా కాబట్టి ఆ బాధ తక్కువ. దానికి బదులు అక్కడ ఎత్తు ఉంది. గుల్‌మార్గ్ ఊరు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, గండోలా రెండో దశ అఫర్వత్ మీద దాదాపు 3,950 మీటర్లకు తీసుకెళ్ళి దింపుతుంది. ఎత్తు వల్లే సుమారు 8 డిగ్రీలు తగ్గుతుంది, గాలి సంగతి వేరే. కింద సరిపోయిన బట్టలు పైన సరిపోవు.

వేళ్ళు మొద్దుబారగానే చలి అనుకోకండి. బకిళ్ళన్నీ విప్పి రెండు నిమిషాలు నిలబడండి. జివ్వుమని ప్రాణం తిరిగొస్తే అది బిగుతు. రాకపోతే చలి. రెంటికీ వైద్యం వేరు. చలి అయితే ఒక్కో కాలినీ తుంటి నుంచి గడియారం లోలకంలా బలంగా ముందుకూ వెనక్కూ ఊపండి, ఆ విసురుకు రక్తం వేళ్ళలోకి దిగుతుంది. చూసేవాళ్ళు నవ్వినా పర్వాలేదు.

తడి

ఒక్క జత సాక్సు, పల్చటిది, మోకాలి కిందిదాకా వచ్చేది, మెరినో ఉన్నిదో సింథటిక్‌దో. నూలు సాక్సు వద్దు, చెమట పీల్చి అలాగే పట్టుకుని కూర్చుంటుంది. గాలికన్నా నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది, కాబట్టి తడిసిన మందపాటి సాక్సు కన్నా పొడి పల్చటి సాక్సు మేలు. లోపలి థర్మల్ ప్యాంటును సాక్సులోకి, బూటులోకి తోయకండి. బూటు అంచు పైనే ఆగిపోవాలి. ఒక్క ముడత చాలు, సాయంత్రానికి ఎముక మీద కమిలిన గుర్తుకు.

చెమట అసలు ఎక్కడ పడుతుందంటే, చాలామందికి కొండ మీద కాదు, కారులో. ఇంటి దగ్గరే స్కీ సాక్సు వేసుకుని, హీటర్ పెట్టుకుని మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి, తడిసిన సాక్సుతోనే బూటు తొడుగుతారు. స్కీ సాక్సు సంచిలో ఉంచి, బూటు తొడగబోయే ముందు, కాలు తుడుచుకుని వేసుకోండి. మధ్యాహ్నానికి ఇంకో జత దగ్గర పెట్టుకోండి. ఈ రెండో జత తప్పక ఉండాలి, కాలికి కాదు, జేబులో.

రాత్రికి లైనర్‌ను షెల్‌లోంచి తీసి, దానిలోంచి ఫుట్‌బెడ్ కూడా తీసి ఆరబెట్టాలి. కశ్మీరులో హోటల్ గదుల్లో బుఖారీ అనే కట్టెల పొయ్యి ఉంటుంది, ఆ గదిలో ఓ మూల పెడితే చాలు. బుఖారీకి ఆనించి పెడితే తెల్లారేసరికి లైనర్ వంకర్లు పోయి ఉంటుంది, అద్దె బూటయితే దానికీ లెక్క కట్టి తీసుకుంటారు.

కాంగ్డీ నేర్పేది

కశ్మీరులో పెద్దవాళ్ళు ఫిరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ పట్టుకుని నడుస్తారు. సన్నని కొమ్మల అల్లికలో మట్టికుండ, అందులో నిప్పులు. చల్లబడే కాళ్ళను వదిలేసి వాళ్ళు పొట్ట దగ్గర పెట్టుకుంటారు, గమనించారా? శరీరశాస్త్రం ప్రకారం అదే సరైన చోటు. మొండెం వెచ్చగా ఉంటే శరీరానికి రక్తనాళాలు మూయాల్సిన అవసరం రాదు. కెనడాలో పరిశోధకులు విద్యుత్తుతో వేడెక్కే చొక్కా తొడిగించి, సున్నాకు బాగా దిగువ చలిలో గ్లవ్స్ లేని చేతులను పరీక్షించారు. మొండేన్ని వేడిగా ఉంచినంతసేపూ వేళ్ళు పనిచేసే స్థితిలో ఉన్నాయి. కాంగ్డీని ఏళ్ళ తరబడి ఒంటికి ఆనించుకుంటే చర్మ క్యాన్సర్ వస్తుందని వైద్యులు ఎప్పుడో గుర్తించారు కాబట్టి ఆ కుండ జోలికి పోకండి, ఆ తర్కం మాత్రం తీసుకోండి. కాళ్ళు చల్లగా ఉన్నాయంటే ముందు టోపీ, మెడ, ఛాతీ చూసుకోవాలి. జాకెట్ కింద ఒక పల్చటి ఉన్ని పొర చేర్చడం, సాక్సు చేర్చడం కన్నా కాళ్ళకు ఎక్కువ చేస్తుంది.

పొద్దున పొయ్యిలో కట్టెలు లేకుండా వెళ్ళకండి. టీ తాగి, రెండు బిస్కెట్లు తిని కొండెక్కితే ఒళ్ళు దేనితో వేడి పుట్టిస్తుంది? నీళ్ళు కూడా తాగాలి, దాహం వేయకపోయినా. సిగరెట్టు రక్తనాళాలను బిగిస్తుంది. మందు చర్మంలోని నాళాలను తెరిచి వేడెక్కినట్టు భ్రమ పుట్టించి, లోపలి వేడిని బయటికి తోసేస్తుంది. మంచులో ఒక పెగ్గు మంచిదే అనే బాబాయి ప్రతి బృందంలోనూ ఒకరుంటారు, ఆయన్ను సాయంత్రం దాకా ఆగమనండి.

ఇక పరికరాలు. వేళ్ళ దగ్గర అంటించే రసాయన వేడి పొట్లాల్లో ఇనుప పొడి ఉంటుంది, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. బిగిసిన బూటులో గాలి తక్కువ, అందుకే జేబులో కాలిపోయేంత వేడిగా ఉన్న పొట్లం బూటులో సగమే పనిచేస్తుంది, పైగా చోటు తింటుంది. బ్యాటరీ సాక్సు నిజంగా పనిచేస్తాయి, ఖరీదెక్కువ. బూటు పైన తొడిగే నియోప్రీన్ కవర్లు చవక, గాలి కొట్టే రోజు ఉపయోగం. బూటే సరిపోకపోతే ఇవేవీ కాపాడవు.

ఆపాల్సిన చోటు

నొప్పి ఉన్నంతసేపూ ఒక విధంగా మంచిదే. బాగా నొప్పి పుట్టిన వేళ్ళు ఉన్నట్టుండి హాయిగా అనిపించినా, స్పర్శ తెలియకపోయినా వెంటనే లోపలికి వెళ్ళి బూటు విప్పండి. చర్మం తెల్లగా, మైనంలా ఉంటే మంచుకాటు మొదలైనట్టు. దాన్ని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. 1812లో రష్యా నుంచి వెనక్కి మళ్ళిన నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే అలా రుద్దమని చెప్పాడు, నిప్పుల దగ్గర కాళ్ళు పెట్టి ఆపైన మళ్ళీ మంచులో నడిచిన సైనికుల గతి చూసి. ఆ సలహా తర్వాత వందేళ్ళకు పైగా ప్రచారంలో ఉండిపోయింది. ఇప్పటి పద్ధతి 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఉంచడం. హీటర్‌కు, బుఖారీకి పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. మళ్ళీ చలిలోకి వెళ్ళక తప్పదనుకుంటే ఆ పని ముగిసేదాకా కరిగించకండి, కరిగి మళ్ళీ గడ్డకట్టిన వేలికి జరిగే నష్టం మొదటిదానికన్నా ఎక్కువ. వైద్యుడికి చూపించాలి.

మధుమేహం ఉన్నవాళ్ళకు ఈ భాగం మిగతావాటన్నిటికన్నా ముఖ్యం. మన ఇళ్ళలో యాభై దాటిన వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. పాదాల నరాలు దెబ్బతిని ఉంటే బిగుతూ తెలియదు, చలీ తెలియదు, బొబ్బా తెలియదు. నొప్పి చెబుతుందిలే అని వాళ్ళు ఆగకూడదు. ముందే డాక్టర్‌ను అడగాలి, వెళ్ళాక గంటకోసారి బూటు విప్పి కళ్ళతో చూసుకోవాలి. చలి తగలగానే వేళ్ళు తెల్లబడి, నీలమై, ఎర్రబడే వాళ్ళు కొందరు ఉంటారు. ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లో వర్ణించిన ఆ లక్షణానికి ఆయన పేరే ఉంది. బ్యాటరీ సాక్సు కొనదగ్గ వాళ్ళు వీళ్ళు.

పిల్లల విషయంలో మన అలవాటు ఒకటి మానుకోవాలి. బడి బూట్లు ఒక సైజు పెద్దవి కొని ముందు దూది కుక్కే ఇళ్ళలో పెరిగిన మనం, పెరిగే కాలు కదా అని స్కీ బూటు కూడా అలాగే చూస్తాం. పెద్ద బూటులో పిల్లలకు మడమ నిలవదు, చలి వేస్తుంది, ఏడుస్తారు, స్కీయింగే వద్దంటారు. అమెరికాలో, కెనడాలో చాలా దుకాణాలు పిల్లల బూట్లను సీజన్ మొత్తానికి అద్దెకిస్తాయి, కాలు పెరిగితే మార్చుకోవచ్చు. కాళ్ళు చల్లగా ఉన్నాయా అని పిల్లల్ని అడగకండి, ఆటలో ఉన్నవాళ్ళు లేదనే అంటారు. విరామంలో బూటు విప్పి, సాక్సులో చేయి పెట్టి వేళ్ళు పట్టుకుని చూడండి. బయల్దేరే ముందురోజే గోళ్ళు కత్తిరించండి, మీవీ వాళ్ళవీ. పొడుగ్గా ఉన్న బొటనవేలి గోరు రోజంతా ముందు గోడకు కొట్టుకుని నల్లబడుతుంది, ఊడి మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది.

సొంత బూట్లయితే సీజన్ చివర లైనర్లు పూర్తిగా ఆరాక తిరిగి షెల్‌లో పెట్టి, బకిళ్ళు వదులుగా పెట్టి ఉంచండి. తెరిచి వదిలేస్తే ప్లాస్టిక్ ఆ ఆకారానికే అలవాటుపడి, వచ్చే డిసెంబరులో బకిల్ అందదు.